అడ్డం నిలువు పిచ్చోడు

ఒరేయ్ మూర్తీ,

నీ ఉత్తరం అందింది. ఈమధ్య ఏం చదువుతున్నావని అడిగావుగా, జో రోష్‌ఫోర్ట్ అనే అమెరికా నేవీ ఆఫీసర్ వెంట పడ్డాను. జపాన్ నేవీ రహస్య కోడ్‌లు విప్పినవాడు. పసిఫిక్ సముద్రంలో జపాన్ మీద అమెరికా గెలిచిన 1942 మిడ్‌వే యుద్ధం అనగానే ఆయన పేరు చెబుతారు. నాకేమో అంతకుముందు, రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఆయన నలిగిన సంవత్సరాలే నచ్చాయి.

1918లో, హైస్కూలు కూడా పూర్తిచేయకుండానే నేవీలో చేరాడు. చుట్టూ ఉన్న ఆఫీసర్లంతా నేవీ ఆఫీసర్లని తయారుచేసే అనాపొలిస్ అకాడమీ బ్యాచ్. ఈయనేమో కిందినుంచి ఎక్కొచ్చినవాడు. 1925లో ఆరిజోనా యుద్ధనౌక మీద ఉండగా, గళ్ళనుడికట్టు, బ్రిడ్జి అనే పేకాట అంటే ఈయనకున్న పిచ్చి పైఅధికారి ఒకాయన కంట్లో పడింది. వెంటనే కోడ్‌లు విప్పే పనికి వాషింగ్టన్‌కి సిఫారసు! ఆదివారం పేపరు రాగానే పెన్సిలు వెతుక్కునే నీకు ఇలాంటి పైఅధికారి ఒక్కడూ దొరకలేదు చూడు.

వాషింగ్టన్‌లో లారెన్స్ సాఫర్డ్ అనే ఆఫీసర్ నడిపే ఆ నేవీ కోడ్ విభాగంలో పట్టుమని పదిమంది లేరు. అక్కడ అసలు గురువు ఆగ్నెస్ డ్రిస్కల్, ఒకప్పుడు హైస్కూల్లో లెక్కలు చెప్పినావిడ. అంతకుముందే అమెరికా నేవీ మనుషులు న్యూయార్క్‌లోని జపాన్ కాన్సులేట్‌లోకి దొంగచాటుగా దూరి, జపాన్ నేవీ కోడ్ పుస్తకాన్ని పేజీ పేజీ ఫొటో తీసుకొచ్చారు. ఎర్ర అట్ట వేశారు కాబట్టి దాన్ని రెడ్ బుక్ అనేవాళ్ళు. పుస్తకం దొరికింది కదా, ఇంకేం అనుకుంటాం. కానీ ఆ కోడ్ మీద మళ్ళీ ఇంకో ముసుగు, సైఫర్! అంటే కోడ్‌లో రాసినదాన్ని మళ్ళీ తారుమారు చేసే పద్ధతి. అది విప్పితే తప్ప పుస్తకం ఎందుకూ పనికిరాదు.

1926లో సాఫర్డ్ ఓడ డ్యూటీకి వెళ్ళిపోతే ఇన్‌చార్జి ఈయనే అయ్యాడు. రోజంతా కాగితాల వైపు అలా చూస్తూ కూర్చోవడం. సాయంత్రం ఇంటికొచ్చి రెండు మూడు గంటలు పడుకుంటే గానీ అన్నం సహించేది కాదట. బరువు తగ్గాడు, కడుపులో అల్సర్ పట్టుకుంది. ఆ టెన్షన్ పడలేక, మళ్ళీ ఓడ ఎక్కేస్తే చాలనుకున్నాడు.

1929లో భార్యాబిడ్డలతో జపాన్ పంపారు. మూడేళ్ళపాటు భాష నేర్చుకోవడమే ఉద్యోగం. ఓడలో ఎడ్విన్ లేటన్ అనే కుర్ర ఆఫీసర్ పరిచయమయ్యాడు. ఆయనది ఇంకో కథ. 1925లో శాన్‌ఫ్రాన్సిస్కోకి జపాన్ నేవీ అతిథులు వస్తే వాళ్ళు చక్కగా ఇంగ్లీషు మాట్లాడుతున్నారు, మనవాళ్ళలో ఒక్కడికీ జపనీస్ రాదే అని ఆయనకి సిగ్గేసిందట. ఆ పంతంతోనే బయల్దేరాడు.

నాకు ఒళ్ళు మండే సంగతి ఒకటుంది. జపనీస్, కోడ్ విప్పడం రెండూ క్షుణ్ణంగా వచ్చిన ఇలాంటి మనిషిని, తిరిగొచ్చాక చాలాకాలం మళ్ళీ ఓడల మీదే తిప్పారు. పై మెట్టు ఎక్కాలంటే సముద్రం మీద చేసిన సర్వీసే లెక్క మరి, ఇంటెలిజెన్స్ పనికి విలువ తక్కువ. 1941లో గానీ హవాయిలోని కోడ్ విభాగం చేతికి రాలేదు. మిడ్‌వే నాటికి లేటన్ అక్కడే, అమెరికా పసిఫిక్ నౌకాదళాన్ని నడిపే అడ్మిరల్ నిమిట్జ్ దగ్గర ఇంటెలిజెన్స్ ఆఫీసర్!

నీ ట్రాన్స్‌ఫర్ సంగతి ఏమైంది? వదినని అడిగానని చెప్పు. ఈసారి పోస్టుకార్డు ముక్క కాదు, నాలుగు పేజీలు రాయి.

నీ
రఘు