ముగ్ కొండ మీద దొరికిన రాజు

ఒరేయ్ రవీ,

చాన్నాళ్లుగా ఉత్తరం లేదని తిట్టావు. తిట్లన్నీ భద్రంగా అందాయి. ఈమధ్య ఒక రాజు వెంట పడి తిరుగుతున్నాన్రా. పేరు దేవాష్టిచ్. ఇప్పటి తజికిస్తాన్‌లో, సమర్‌ఖండ్‌కి తూర్పున 60 కిలోమీటర్ల దూరంలో పంజికెంత్ అనే ఊరుంది. 8వ శతాబ్దం మొదట్లో దానికి ఈయన ఏలిక. ఊరు చిన్నది, ఆశ మాత్రం పెద్దది.

712లో అరబ్బు పాలకులైన ఉమయ్యద్ ఖలీఫాల సేనలు సమర్‌ఖండ్‌ని లొంగదీసుకున్నాయి. అక్కడ గురక్ అనే రాజు వాళ్లకి కప్పం కడుతూ, సందు దొరికితే ఎదురు తిరుగుతూ నెట్టుకొస్తున్నాడు. మనవాడికేమో ఆ సింహాసనం మీదే కన్ను. గురక్‌కి ముందున్న రాజు తర్ఖూన్ కొడుకులిద్దరూ ఈయన దగ్గరే ఉన్నారు. వాళ్లు చేతిలో ఉంటే ఎప్పటికైనా పనికొస్తారని లెక్క!

ఇదంతా మనకెలా తెలిసిందంటావా? అసలు సంగతి అదే. 1932లో ముగ్ కొండ మీద, అంటే దేవాష్టిచ్ చివరికి తలదాచుకున్న చోట, ఒక గొర్రెల కాపరికి బుట్టలో పాత కాగితం ఒకటి దొరికింది. మరుసటేడు ఫ్రైమన్ అనే రష్యన్ పండితుడి బృందం వెళ్లి తవ్వితే ఏకంగా రాజుగారి ఆఫీసు ఫైళ్లే బయటపడ్డాయి. తోలు మీద, చైనా కాగితం మీద, చెక్కిన కర్రల మీద ఉత్తరాలు, లెక్కలు, రసీదులు.

వాటిలో అరబ్బీలో రాసిన తోలు ఉత్తరం ఒకటుంది. ఖలీఫా తరఫున ఖొరాసాన్ ప్రాంతాన్ని ఏలే గవర్నర్ అల్ జర్రాహ్‌కి దేవాష్టిచ్ రాసింది. బిస్మిల్లాతో మొదలుపెట్టి, తమరి ఆశ్రితుణ్నంటూ ఒదిగిపోయి, ఆ తర్ఖూన్ కొడుకుల గురించి మాట్లాడతాడు. సొంత భాష సోగ్డియన్‌లో రాసిన పత్రాల్లోనేమో ‘సోగ్డియా (సమర్‌ఖండ్ చుట్టుపక్కల దేశం) రాజు, సమర్‌ఖండ్ ప్రభువు’ అని దర్జాగా బిరుదు వేయించుకుంటాడు! ఇంకో పక్క తురుష్కుల ఏలిక ఖగాన్ సాయం కోసం చాచ్‌కి (ఇప్పటి తాష్కెంట్ వైపు) మనిషిని పంపితే, ఖగాన్ దర్శనమే దొరకలేదని ఆ దూత తిరుగు జాబు రాశాడు. పాపం, ఆ జాబు చదివినప్పుడు ఈయన గుండె ఎంత జారి ఉంటుందో.

అదే కట్టలో 710 నాటి పెళ్లి ఒప్పందం కూడా ఉందిరా. మొగుడు పెళ్లానికి ఇష్టం లేకుండా ఇంకో ఆడదాన్ని తెచ్చుకుంటే 30 దిర్హాములు (వెండి నాణేలు) జరిమానా కట్టాలట. కావాలనుకుంటే ఆవిడే అతన్ని వదిలేసి వెళ్లొచ్చట. యుద్ధాల కన్నా నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

722లో కొత్త గవర్నర్ అల్ హరషీ వచ్చాడు, చండశాసనుడు. సోగ్డియన్లలో ఒక గుంపు ఫర్గానా వైపు పారిపోయి, ఖోజెంద్‌లో ఊచకోతకి గురైంది. దేవాష్టిచ్ మాత్రం తన జనంతో జరఫ్షాన్ నది ఎగువకి వెళ్లి ముగ్ కోటలో దాక్కున్నాడు. ముట్టడిలో ఇక లాభం లేదనుకుని, ప్రాణభయం లేదని మాట తీసుకుని లొంగిపోయాడు. అయినా చంపేశారు. శవాన్ని ఒక సమాధి కట్టడం మీద వేలాడదీసి, తలని ఇరాక్ పంపారు. విచిత్రమేంటంటే ఇరాక్‌లోని పైఅధికారి ఇబ్న్ హుబైరా ఇతన్ని వదిలేయమని ముందే రాశాడట. ఆ మాట వినలేదన్న కోపం కూడా తర్వాత అల్ హరషీ ఉద్యోగం ఊడటానికి ఒక కారణమని అరబ్ చరిత్రకారులు రాశారు.

గురక్ మాత్రం ఎటు గాలి వీస్తే అటు వంగుతూ మరో పదిహేనేళ్లు రాజ్యం చేశాడు. నిజం చెప్పు, నువ్వైతే ఆ ఇద్దరిలో ఎవరి దారి పట్టేవాడివి? నేను గురక్ వైపేనని మా ఆవిడ అప్పుడే తేల్చేసింది.

అమ్మగారికి నమస్కారాలు చెప్పు. ఈసారి ఆలస్యం చేస్తే తిట్టే వంతు నాదే.

నీ
మురళి