లావెండర్ ఇసుక ఇక మా దగ్గర దొరకదు

మా దుకాణంలో పిల్లుల సరుకు కొనేవాళ్లందరికీ,

ఈ మధ్య ఫోన్లన్నీ ఒకే సంగతి మీద వస్తున్నాయి. ఒంటికి, రెంటికి ఇసుక పోసి పెట్టే ట్రేని ఏనాడూ దాటని పిల్లి ఉన్నట్టుండి పరుపు మీద పోస్తోందని, బాత్రూం మూలలు వెతుక్కుంటోందని, ట్రే అంచు మీద నిలబడి లోపల కాలు పెట్టనంటోందని. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, ఇసుకలో మేమే ఏదో కలిపామన్నారు. ముందు ఆ మాటకి జవాబు. మేం బస్తా విప్పి అమ్మం. కంపెనీ వేసిన కుట్టుతోనే మీ చేతికి వస్తుంది. మారింది లోపలి సరుకు. చెప్పకుండా పంపింది మాకు సప్లై చేసే హోల్‌సేలు వ్యాపారి.

బస్తా రంగు అదే, రేటు అదే. వెనకవైపు కుట్టు కింద చిన్న ఊదారంగు పువ్వు బొమ్మ మాత్రం కొత్తగా వచ్చింది. పాత ఇసుక ఉత్త బూడిదరంగు, గింజ సన్నగా, ఎగుడుదిగుడుగా ఉండేది. అది బెంటొనైట్ మట్టి, గుజరాత్‌లో కచ్ వైపు తవ్వుతారు. తడి తగిలితే ఉబ్బి గట్టిగా ముద్ద కడుతుంది, జల్లి గరిటె పెడితే ముద్ద ముద్దంతా లేచి వస్తుంది. కొత్తదాంట్లో గింజ లావు, మధ్యమధ్య నీలం పలుకులు, మూతి విప్పగానే గుప్పుమనే లావెండర్ సెంటు. ముద్ద గరిటె మీదే విరిగి సగం ట్రే అడుగున అంటుకుపోతుంది. అడుగున తడి, పైన సెంటు. మన ముక్కుకి బాగానే ఉంటుంది. పిల్లి ముక్కు మనకన్నా ఎన్నో రెట్లు పదును, పైగా అందులో తవ్విన పాదాలనే అది నాలుకతో శుభ్రం చేసుకోవాలి. రానంటే రాదు మరి.

హోల్‌సేలు ఆయన్ని అడిగితే, "సెంటుంటే కస్టమర్లు ఇష్టపడతారు కదండీ, కంపెనీ మార్చింది" అన్నాడు. డబ్బులిచ్చేది మీరైనా వాడేది పిల్లి అని ఇన్నేళ్ల వ్యాపారంలో ఆయనకి నేను చెప్పాల్సొచ్చింది. వాపసు తీసుకోమంటే కుట్టు విప్పినవి కుదరదన్నాడు. బిల్లు కట్టడంలో ఒక్కరోజు ఆలస్యం చేసిన దుకాణం కాదు మాది. సరుకు మారిందని ఒక్క వాట్సాప్ మెసేజి పెట్టడానికి ఆయనకి తీరిక లేకపోయింది. ఆయన దగ్గర కొనడం మానేశాను.

నేను తేల్చుకోలేక నలిగిపోయింది వేరే సంగతి మీద. అసలు సెంటు ఇసుక ఏ కంపెనీదైనా తేవడమే మానేయాలా? అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు ఎక్కువగా అడిగేది అదే, నాకు నాలుగు డబ్బులు మిగిలేదీ దాంట్లోనే. లేదంటే వాళ్లు ఇంకో దుకాణానికి వెళ్తారు, పనిలో పనిగా తిండి కూడా అక్కడే కొంటారు. రెండు రకాలూ పెట్టి మీ ఇష్టానికి వదిలేద్దామా అని కూడా ఆలోచించాను. కానీ కొత్తగా పిల్లిని తెచ్చుకున్నవాళ్లు వాసన చూసి సెంటుదే ఎంచుకుంటారు, అది పరుపు పాడుచేసినప్పుడు దెబ్బలు తినేది పిల్లి. అందుకే మానేశాను. ఇది మొండితనమే అనుకోండి, పర్లేదు. ట్రే కంపు కొడుతోందంటే రోజుకి రెండుసార్లు ముద్దలు తీయడమే మందు, సెంటు కాదు.

ఇప్పటికే అలవాటు తప్పిన పిల్లికి ఇలా చేయండి. ట్రే మొత్తం ఖాళీ చేసి వేడినీళ్లు, కాస్త గిన్నెల సబ్బుతో కడిగి ఎండబెట్టండి. సెంటు లేని ఇసుక రెండు మూడు అంగుళాల మందాన పోయండి. మొదటి రోజుల్లో పాత ట్రే పక్కనే ఇంకోటి పెట్టి దేంట్లోకి వెళ్తుందో చూడండి. ఎన్ని పిల్లులుంటే అంతకన్నా ఒక ట్రే ఎక్కువ ఉండాలి. వాషింగ్ మెషిన్ పక్కన, తిండి గిన్నె పక్కన పెట్టొద్దు. పరుపు మీద మరక మామూలు డిటర్జెంట్‌తో మనకి పోయినట్టుంటుంది, పిల్లికి పోదు. మూత్రం వాసనని విరగ్గొట్టే ఎంజైమ్ క్లీనర్ పోసి బాగా నానబెట్టాలి.

ఫినాయిల్ మాత్రం వద్దు, నల్లదీ తెల్లదీ రెండూ. అందులోని ఫినాల్ లాంటి పదార్థాలను పిల్లి లివర్ సరిగ్గా విరగ్గొట్టలేదు. నేల మీది తడి పాదాలకి అంటి, నాకినప్పుడు కడుపులోకి పోతుంది. బ్లీచ్ కూడా మూత్రం మీద పోయకండి, ఘాటైన విషవాయువు పుడుతుంది.

ఇంత చెప్పాక కూడా, అన్నీ ఇసుక మీదకి నెట్టేయకండి. మీది మగపిల్లి అయి, మాటిమాటికీ ట్రేలో కూర్చుని ముక్కుతూ, అరుస్తూ, ఒక్క చుక్క వచ్చి రాక, కింద నాక్కుంటూ ఉంటే అది మూత్రం అడ్డుపడటం. చాలామంది మలబద్ధకం అనుకుని నెయ్యి పట్టిస్తారు. మగపిల్లి మూత్రనాళం చాలా సన్నం, సన్నటి రాళ్లో జిగురు ముద్దో అడ్డుపడితే రక్తంలో పొటాషియం పెరిగి ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. వాంతులు మొదలయ్యాయంటే ఇంకా ముదిరినట్టు. ఆ పిల్లి గురించి నాకు ఫోన్ చేయొద్దు, ఇసుక మార్చి చూద్దామని ఆగొద్దు, రాత్రయినా సరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. విజయవాడ చుట్టుపక్కల వాళ్లకి గన్నవరం పశువైద్య కళాశాల ఉంది. అర్ధరాత్రి ఎవరు చూస్తారో ఇవాళే కనుక్కుని ఫోన్‌లో నంబరు పెట్టుకోండి.

పిల్లి నిలబడి, తోక పైకెత్తి వణికిస్తూ గోడకి కొంచెం చిమ్మితే అది హద్దు గుర్తు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని మగపిల్లి అయితే ఆపరేషన్‌తో చాలావరకు తగ్గుతుంది. ఆడపిల్లి ఒక్కసారిగా రాత్రంతా అరుస్తూ, నేల మీద దొర్లుతూ, వెనకభాగం ఎత్తుతుంటే అది ఎదకొచ్చింది, నాలుగైదు నెలల వయసులోనే రావచ్చు. పదేళ్లు దాటిన పిల్లి బాగా తింటూనే చిక్కిపోయి, రాత్రిళ్లు అరుస్తుంటే థైరాయిడ్, బీపీ, కిడ్నీ పరీక్షలు చేయించాలి. గిన్నె దాకా వచ్చి వాసన చూసి వెనక్కి పోతుంటే నోరు తెరిచి పళ్లు, చిగుళ్లు డాక్టరుకి చూపించండి. మంచాల కింద దాక్కుని తిండి మానేస్తే, అందులోనూ లావు పిల్లయితే, రెండు మూడు రోజుల్లో లివర్‌లో కొవ్వు పేరుకుంటుంది. ఒక్కరోజు చూడండి, అంతే, ఆ తర్వాత డాక్టరు దగ్గరికే. బాల్కనీ అద్దంలోంచి వీధి పిల్లిని చూసి ఆ కోపం ఇంట్లో రెండో పిల్లి మీద చూపించడం కూడా మామూలే. మధ్యలో చెయ్యి పెట్టకుండా దుప్పటి అడ్డం పెట్టి వేరు చేసి, చీకటి గదిలో కొన్ని గంటలు వదిలేయండి.

నొప్పిగా ఉందేమోనని పారాసిటమాల్ ఇవ్వకండి, ఒక్క మాత్ర చాలు చంపడానికి. కుక్కల పిడుదులకి వేసే పెర్మెత్రిన్ చుక్కల మందు పిల్లికి వేస్తే వణుకు, ఫిట్స్ వస్తాయి. అది ఇమ్మని ఎవరడిగినా మేం ఇవ్వం, ఈసారి తిట్టుకున్నా సరే.

ఊదాపువ్వు బస్తా మీ ఇంట్లో ఉంటే, విప్పిందైనా, సగం వాడిందైనా, బిల్లు లేకపోయినా తెచ్చివ్వండి. మిగిలిన బరువుకి సరిపడా సెంటు లేనిది ఇస్తాం. కొత్త సరుకు వేరే చోట నుంచి వస్తోంది, కిలోకి ఎనిమిది రూపాయలు ఎక్కువ పడుతుంది. మార్చుకునేవాళ్లకి మొదటి బస్తా పాత రేటుకే. ఇక మీదట ప్రతి లోడులో ఒక బస్తా మేమే విప్పి, నీళ్లు పోసి ముద్ద కట్టి చూసి, ఆ తర్వాతే బయట పెడతాం. ఇసుకలో మట్టి కలిపామన్నవాళ్లు కూడా వచ్చి చూడొచ్చు, విప్పిన బస్తా కౌంటరు పక్కనే ఉంటుంది.