రంపం అటక మీద పెట్టారట

పెద్దాపురం,
ఆదివారం.

చి.ల.సౌ. రాధకు అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీరు ముగ్గురూ క్షేమమని తలుస్తాను.

నువ్వు ఫోను చేసి పదిహేను రోజులు దాటింది. నేను చేస్తే మీటింగులో ఉన్నానని పెట్టేశావు. ఫోనులో నా మాట ఎప్పుడూ సగంలోనే ఆగిపోతుంది, అందుకని కాగితం తీశాను. ఇక్కడ నాలుగు రోజులుగా ముసురు. పెరట్లో సపోటా కొమ్మ విరిగి పంపు మీద పడింది. మాగాయలో మీ వాటా చిన్న జాడీలోకి తీసి గుడ్డ కట్టాను.

నిన్న పద్మ పిన్ని వచ్చింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, పండుకి రంపం కోసుకుని వేలికి రెండు కుట్లు పడ్డాయనీ, అల్లుడుగారు పనిముట్ల పెట్టె అటక మీద పెట్టేశారనీ, వాడిని ఐఐటీ ఫౌండేషన్ కోచింగులో చేర్చారనీ చెప్పింది. మీ ఇంటి సంగతి, నేనేమీ అడగను. కానీ ఏ చెయ్యి? ఏ వేలు? టీటీ ఇంజెక్షను చేయించారా? కట్టు తడవకుండా స్నానం ఎవరు చేయిస్తున్నారు? ఇంత జరిగితే పద్మ నోట వినాలా నేను?

సరే, అది వదిలెయ్. మీ నాన్నగారికి దగ్గు తగ్గింది. పొద్దున మిరియాల పాలు ఇస్తున్నాను. కింది వాటాలో వాళ్ళు ఈ నెల అద్దె ముందే ఇచ్చారు.

మొన్న వేసవిలో పండు చేసిన బేరింగుల బండి ఇంకా వసారాలోనే ఉంది. ఆ బండి చెయ్యమని వాడికి మేమెవరం చెప్పలేదు. సైకిలు షాపు ముందు పాత బేరింగులు కనపడితే అడిగి తెచ్చుకున్నాడు. నాలుగు చెక్కలు మేకులతో చతురస్రంగా బిగించాడు. కూర్చుని నెట్టించుకోగానే అది పక్కకు ఒరిగిపోయింది. మీ నాన్నగారు చెప్పబోతే నేనే ఆపాను. రెండు రోజులు దాని చుట్టూ తిరిగాడు. ఇంకో మేకు కొట్టాడు, ఇంకోటి కొట్టాడు, అయినా ఒరుగుతూనే ఉంది. చివరికి విసుగొచ్చి, "తాతయ్యా, ఎందుకు ఒరుగుతోంది?" అని అడిగాడు. అప్పుడు కూడా మీ నాన్నగారు జవాబు చెప్పలేదు. అగ్గిపుల్లలూ, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలూ ముందు పెట్టారు. అరవింద్ గుప్తా గారని, ఐఐటీలో చదివి, పారేసే వస్తువులతో పిల్లలకు బొమ్మలు చెయ్యడం నేర్పుతూ తిరిగారే, 2018లో పద్మశ్రీ ఇచ్చారు, ఆయన పద్ధతి అది. నాలుగు పుల్లలతో చతురస్రం చేస్తే నొక్కగానే వాలిపోతుంది. మూడు పుల్లల త్రిభుజం ఎంత నొక్కినా కదలదు. వాడు కాసేపు రెండూ నొక్కి చూశాడు. మర్నాడు నేను కాఫీ పెట్టేసరికి సుత్తి చప్పుడు. ఒక మూల నుంచి ఎదుటి మూలకి అడ్డంగా చెక్క కొట్టేశాడు. ఆ చెక్క కోసేటప్పుడు మూడు బై ఎనిమిది అంగుళాలకి పావు అంగుళం కలపాల్సి వస్తే, నోటు పుస్తకం లేకుండా టేపు మీదే గీతలు లెక్కపెట్టుకుని ఐదు బై ఎనిమిది అన్నాడు. భిన్నాలు రావని వాడి టీచరు డైరీలో రాసిందన్నావు కదా.

మీ తాతయ్య, మా నాన్న, ఉండుంటే ఎంత సంతోషించేవారో. ఆయన బేసిక్ ట్రైనింగ్ చదివిన మాస్టారు. 1937లో వార్ధాలో గాంధీగారు పిల్లలకు చదువు చేతిపని ద్వారా రావాలని చెప్పిన తర్వాత వచ్చినవే ఆ బేసిక్ స్కూళ్ళు. పిల్లలు తకిలీ మీద, అంటే చేతి కదురు మీద, నూలు వడికేవారు. దూది తూచడం, దారం పొడుగు కొలవడం, ఎంత తరుగు పోయిందో చూడడం, లెక్కల క్లాసు అక్కడే మొదలయ్యేదని నాన్న చెప్పేవారు.

నీ సంగతి గుర్తుందా అసలు? 1994, నువ్వు ఐదో తరగతి. దసరా ముందు. నా దగ్గర జాకెట్లు గుట్టగా ఉన్నాయి, పండగలోగా అన్నీ ఇవ్వాలి. నేను రేషనుకి వెళ్ళి గంటన్నర తర్వాత వచ్చేసరికి నువ్వు కుట్టు మిషను బెల్టు తప్పించి, మిషను వెనక్కి ఎత్తి, కింద తిరిగే షటిల్ బయటికి తీసి పేపరు మీద పెట్టుకుని కూర్చున్నావు. ఒక్కో స్క్రూ పెట్టి దాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, ఏది ఎక్కడిదో పక్కన రాసుకున్నావు. అదంతా నేను తర్వాత చూశాను. ముందు వీపు మీద ఒకటి కొట్టాను. ఆ దెబ్బ తలుచుకుంటే ఇప్పటికీ నా చెయ్యే మండుతుంది తల్లీ. నువ్వు ఏడవలేదు. "అమ్మా, పై దారం సూదిలో ఉంది, కింది దారం బాబిన్‌లో ఉంది, రెండూ ఎలా కలుస్తున్నాయి?" అని అడిగావు.

అప్పటికి నేను పదకొండేళ్ళుగా కుడుతున్నాను. నాకు తెలీదు.

ఒక స్క్రూ దొర్లిపోతే మీ నాన్నగారు పాత స్పీకరు అయస్కాంతం తెచ్చి మంచం కింద నుంచి తీశారు. రాత్రి భోజనాలయ్యాక ముగ్గురం కూర్చుని మళ్ళీ బిగించాం. పైన నల్ల దారం, కింద ఎర్ర దారం వెయ్యమన్నావు. టార్చి పట్టుకుని, చక్రం చేత్తో మెల్లగా తిప్పమన్నావు. సూది కిందికి దిగి, కొంచెం పైకి లేవగానే దాని పక్కన దారం చిన్న ఉచ్చులా వదులైంది. షటిల్ ముక్కు ఆ ఉచ్చులో దూరి, దాన్ని బాబిన్ చుట్టూ తిప్పి వదిలేసింది. పైనున్న మీట లేచి దారాన్ని బిగించింది. గుడ్డ మధ్యలో నల్ల దారం, ఎర్ర దారం ఒకదాన్నొకటి పెనవేసుకున్నాయి. "దొరికింది!" అని అరిచావు, పక్కింటి వాళ్ళు లేచొచ్చారు. ఆ తర్వాత కుట్టు తప్పితే నేను మెకానిక్కు కోసం ఎదురుచూడలేదు. సూది తిరగేసి పెట్టానా, మొన వంగిందా, షటిల్‌లో నూలు చిక్కుకుందా, నేనే చూసుకునేదాన్ని. ఆ ఒక్క ప్రశ్నతో ఇన్నేళ్ళూ నా పని సాగింది. ఆ మిషను ఇవాళ్టికీ కుడుతోంది.

ఇంజనీరింగ్‌లో మెకానికల్ ఎందుకమ్మా ఆడపిల్లకి అని అందరూ అన్నప్పుడు మీ నాన్నగారు ఆ రాత్రి గురించే చెప్పారు.

ఫౌండేషన్ వద్దని నేననను. కానీ సాయంత్రం ఏడింటి దాకా అక్కడే కూర్చోబెడితే వాడికి ఒక ప్రశ్న పుట్టడానికి తీరిక ఎప్పుడు? వాడు అడగనిదానికి జవాబులు నింపుతుంటే, అడగాలనుకున్నది లోపలే ఎండిపోతుంది. అల్లుడుగారికి భయం వేసిందంటే తప్పు లేదు, రక్తం చూస్తే ఏ తండ్రికైనా కాళ్ళు వణుకుతాయి. ఆయన్ని ఏమీ అనకు. కానీ పెట్టె కిందికి దింపించు. ఆ రంపం అంచు మొద్దుబారిందని నా అనుమానం. మొద్దు రంపమే చెయ్యి కోస్తుంది, ఎందుకంటే అది తెగక జారుతుంది, పిల్లవాడు ఇంకా బలంగా తోస్తాడు. చెక్కని క్లాంపుతో బల్లకి బిగించాలి, ఎడమ చేత్తో పట్టుకోకూడదు. ముందు రెండుసార్లు వెనక్కి లాగి గాడి పడ్డాకే ముందుకి తొయ్యాలి. ఉలి పడితే రెండు చేతులూ దాని వెనకే ఉండాలి. బరమా దగ్గర పొడుగు చేతుల చొక్కా వద్దు. కొత్త పనిముట్టు ఏది తీసినా మొదటి రోజులు పక్కన పెద్దవాళ్ళు కూర్చోవాలి, ఫోను చూసుకుంటూ కాదు. వాడు అడిగితేనే చెప్పండి.

చూశావా, వద్దనుకుంటూనే పాఠం చెప్పేశాను.

మీ నాన్నగారు పొద్దుటి నుంచీ వసారాలో కూర్చుని 12 అంగుళాల చిన్న రంపానికి మూడు పలకల ఆకురాయితో ఒక్కో పన్నూ పదును పెడుతున్నారు. పిడి పెద్దదిగా ఉందని చెక్కి, పండు చెయ్యి కొలత ఎంతుంటుందని నన్ను రెండుసార్లు అడిగారు. శుక్రవారం శ్రీను హైదరాబాదు వస్తున్నాడు. రంపం గోనె గుడ్డలో చుట్టి, మాగాయ జాడీ, రెండు క్లాంపులు, నువ్వుండలు అతనితో పంపిస్తున్నాను. జాడీ నిలువుగా పెట్టమని చెప్పు.

కుట్లు విప్పే రోజు ఎప్పుడో రాయి. ఆ రోజు నేను రావాలంటే ముందే చెప్పు, గౌతమిలో బెర్తు దొరకడం కష్టం. ఈలోగా కట్టు మార్చేటప్పుడు వాడి వేలు ఫోటో తీసి పంపు. వెలుతురులో తియ్యి, గోరు రంగు నాకు కనపడాలి.

ఆశీస్సులతో,
అమ్మ