గడ్డికప్పు పబ్‌కి ఇక మిమ్మల్ని ఎందుకు తీసుకెళ్ళనంటే

ఇంగ్లండ్‌లో నేను గైడ్‌గా నడిపే మన ఆక్స్‌ఫర్డ్‌షైర్ ఆదివారం నడకలో భోజనానికి ఆగే గడ్డికప్పు పబ్‌ను జాబితాలోంచి తీసేశాను. అది ఏ పబ్బో పాతవాళ్ళకి చెప్పక్కర్లేదు. గోడ మీద గులాబీ తీగలు, తల వంచుకుని దూరాల్సిన గుమ్మం, మీలో చాలామంది వాట్సాప్ డీపీలు ఆ గుమ్మం ముందు దిగినవే. బుకింగ్ పేజీలో ఒక లైను మార్చేసి ఊరుకుంటే బాగోదని, కారణం మీకు నేరుగా రాస్తున్నాను.

విషయం బయటికి రాగానే రెండు రకాల మెసేజ్‌లు వచ్చాయి. "అంత అందమైన చోటు వదులుకుంటారా?" అన్నవి కొన్ని. వాటికి కింద జవాబు ఉంది. ఇంకొన్ని, "కమీషన్ దగ్గర ఏదో తేడా వచ్చి ఉంటుంది" అన్నవి. ఆ మాట నన్ను చాలా నొప్పించింది. రెడింగ్‌లో ఈ నడకలు మొదలుపెట్టిన రోజు నుంచి ఈ రోజు దాకా ఏ పబ్ దగ్గరా ఒక్క పౌను కమీషన్ తీసుకోలేదు. గైడ్‌కి భోజనం ఫ్రీ అన్నా ఒప్పుకోను, నా ప్లేటుకి నేనే బిల్లు కడతాను. వాళ్ళ తిండి ఊరికే తిని, రేపు అది బాగోలేదని మీకు చెప్పడానికి నాకు నోరెలా వస్తుంది?

జరిగింది ఇది. ఆ పబ్‌ను చాలా ఏళ్ళుగా నడిపిన దంపతుల లీజు ముగిసింది. కొత్త అద్దె, కొత్త షరతులు వాళ్ళకి గిట్టుబాటు కాలేదు, వెళ్ళిపోయారు. భవనం ఒక పబ్ కంపెనీది. ఇంగ్లండ్‌లో పల్లె పబ్బుల్లో చాలావాటి పరిస్థితి ఇదే. ఒకప్పుడు వేల పబ్బులు పెద్ద బీరు కంపెనీల చేతిలో ఉండేవి. ఆ పెత్తనం తగ్గించాలని 1989లో ప్రభుత్వం ఆంక్షలు పెడితే, బీరు కంపెనీలు పబ్బులు అమ్మేశాయి. వాటిని కొన్నది పబ్ కంపెనీలు. చాలాచోట్ల అద్దెకున్నవాళ్ళు బీరు కూడా ఆ కంపెనీ దగ్గరే, అది చెప్పిన ధరకే కొనాలి. అద్దెదారులకి కాస్త రక్షణగా 2016లో ఒక కోడ్ వచ్చింది గానీ, ఆ దంపతుల వయసుకి ఇక పేచీ పెట్టుకునే ఓపిక లేకపోయింది. ఇప్పుడు అక్కడ జీతానికి పనిచేసే మేనేజరు, పార్ట్‌టైమ్ పిల్లలు ఉన్నారు. వంట వేరేచోట ఎక్కడో చేసి ప్యాకెట్లలో వస్తుంది.

చేతులు మారిన వెంటనే నేను తీసేయలేదు. కొత్తవాళ్ళకి సర్దుకునే టైమ్ ఇవ్వాలి కదా అనుకున్నాను. అక్కడే ఎక్కువ మథనపడ్డాను. ఆ నడక నా దగ్గర అన్నిటికంటే ముందు నిండిపోయేది. దాన్ని ఆపితే వేసవి ఆదాయంలో పెద్ద భాగం పోతుంది. పైగా అది ఉందనే మీలో కొందరు ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకి మొదటి ట్రిప్‌గా దాన్నే బుక్ చేస్తారు. ఇంట్లో కూడా "జనానికి ఫోటోలు కావాలి, తిండి గురించి ఎవరు పట్టించుకుంటారు?" అన్నారు. నేను పట్టించుకుంటాను. నడిపేది నేను కాబట్టి అదే ఖాయం.

తేల్చేసింది ఒక సూప్. గ్రూప్‌లో నలుగురు పూర్తి శాకాహారులు, గుడ్డు కూడా ముట్టరు. ఎప్పటిలాగే ఆర్డరుకి ముందు నేను అడిగాను, ఉల్లికాడల బంగాళాదుంప సూప్‌లో మాంసం ఏమన్నా ఉందా అని. ఆ అమ్మాయి ఒక ఫైలు తెచ్చి తిప్పి చూపించింది. అది అలర్జీల పట్టిక. ఈ దేశంలో 14 రకాల అలర్జీ పదార్థాల వివరం అడిగినప్పుడు చెప్పడం చట్టం. పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ అలా. కోడి ఆ 14లో లేదు! ఫైలులో కోడి గడి లేదు కాబట్టి సూప్‌లో కోడి లేదని ఆ అమ్మాయి అనుకుంది. ప్యాకెట్ ఒకసారి చూపించమన్నాను. లోపలికి వెళ్ళి తెచ్చింది. వెనక చిన్న అక్షరాల్లో చికెన్ స్టాక్, అంటే కోడిని ఉడికించిన రసం, అని ఉంది.

ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి పాపం. నా కోపం ఆ ఏర్పాటు మీద. వంటింట్లో ఉన్నవాళ్ళకి గిన్నెలో ఏముందో తెలియని చోటు అది. మేనేజరుకి ఉత్తరం రాశాను. "మా పట్టిక చట్ట ప్రకారం సరిగ్గా ఉంది" అని జవాబు వచ్చింది. నిజమే, ఉంది. కానీ చట్టం ఒప్పుకుందని మా అత్తగారి లాంటి పెద్దావిడకి ఆ సూప్ నేను పెట్టలేను.

నిజానికి అంతకు ముందే నాకు అనుమానం మొదలైంది. బార్ దగ్గర పంపులు రెండు నుంచి ఆరు అయినప్పుడే. ఇది కాస్త వివరంగా చెప్పాలి. తెనాలి నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన నన్ను దారిలో అడిగారు: "ఏమయ్యా, మనవాళ్ళలో సగం మంది తాగరు. నువ్వేమో ఏ పబ్‌కి వెళ్ళినా ముందు బీరు సంగతే చూస్తావు, ఎందుకని?"

తాగనివాళ్ళకి కూడా బీరే కొలబద్ద, అందుకని. పల్లె పబ్‌లో చేత్తో లాగే పంపు నుంచి వచ్చేది కాస్క్ ఏల్ (రియల్ ఏల్ అన్నా అదే), పీపాలోనే పక్వానికి వచ్చే బీరు. పీపాలోకి ఎక్కించాక కూడా అందులో ఈస్ట్ బతికే ఉంటుంది, పులియడం లోపల కొనసాగుతూనే ఉంటుంది. పబ్‌కి వచ్చాక నేలమాళిగలో కదపకుండా పెట్టాలి, మడ్డి కిందికి దిగాలి, పైనున్న చెక్క మేకు గుండా ఎక్కువైన గ్యాస్‌ను వదలాలి. గది 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉండాలి. పైపులు వారం వారం కడగాలి. పీపా తెరిచాక గాలి తగులుతుంది కాబట్టి మూడు రోజుల్లో అమ్మేయాలి, లేకపోతే పులిసిపోతుంది. ఇదంతా కస్టమర్ కంటికి కనపడని చోట, ఎవరూ మెచ్చుకోని పని. అది శ్రద్ధగా చేసే మనిషి వంటగదిని, బాత్రూమ్‌ని వదిలేయడు. కిందికి దిగడానికి బద్ధకించే చోట మీ టీ కప్పు కూడా సరిగ్గా కడిగి ఉండదు.

ఇప్పుడు ఆరు పంపుల లెక్క చూడండి. పల్లె పబ్బులకి మామూలుగా వచ్చే పీపా పేరు ఫర్కిన్. 9 గ్యాలన్లు, అంటే 72 పింట్లు (పింట్ అంటే అర లీటరుకి కాస్త పైన, ఒక పెద్ద గ్లాసు). మూడు రోజుల్లో అయిపోవాలంటే ఒక్కో పంపు మీద రోజుకి 24 పింట్లు పోవాలి. ఆరు పంపులంటే రోజుకి 144. ఆ చిన్న ఊళ్ళో వర్షం పడే మంగళవారం 144 పింట్లు ఎవరు తాగుతారు? బీరు తాగే మన మిత్రుడొకరు గ్లాసు వాసన చూసి "వెనిగర్‌లా ఉంది" అని వెనక్కి ఇస్తే, "రియల్ ఏల్ ఇలాగే ఉంటుంది సర్" అన్నాడు బార్ కుర్రాడు. మంచి పబ్‌లో ఆ మాట అనరు. మారు మాట్లాడకుండా గ్లాసు మార్చి, వాళ్ళే ఒక గుక్క తాగి చూసుకుంటారు, బాగోలేకపోతే పంపు మీద పేరు బిళ్ళని వెనక్కి తిప్పేస్తారు. బిళ్ళ వెనక్కి తిరిగి ఉన్న పంపు కనపడితే నాకు ఆ పబ్ మీద గౌరవం పెరుగుతుంది. మన ఊళ్ళో మంచి టిఫిన్ సెంటర్‌లో తొమ్మిదిన్నరకే "ఇడ్లీ అయిపోయింది" అంటారు చూడండి, అదే లెక్క.

శాకాహారులకి ఇక్కడే ఇంకో మాట. సంప్రదాయ కాస్క్ ఏల్‌లో మడ్డి దించడానికి చేప ఈదే తిత్తి నుంచి తీసిన పదార్థం కలపడం పాత పద్ధతి, ఇప్పటికీ చాలామంది వాడతారు. కొన్ని బ్రూవరీలు మానేశాయి. బీరు తాగుతూ మాంసం ముట్టనివాళ్ళు మీలో ఉన్నారు కాబట్టి, ఏది ఏ రకమో నేను ముందే కనుక్కుని చెప్తాను. ఇంతవరకూ చెప్తూనే ఉన్నాను.

ఇక అందం సంగతి. మంచి పబ్ ఎలా ఉంటుందో చూడాలంటే బెర్క్‌షైర్‌లో ఆల్డ్‌వర్త్ ఊళ్ళో బెల్ ఇన్‌కి రండి. మన రిడ్జ్‌వే నడకకి వచ్చినవాళ్ళు చూసే ఉంటారు, పక్కనే చర్చిలో తొమ్మిది భారీ రాతి విగ్రహాలున్న ఊరు. ఆ పబ్ రెండున్నర శతాబ్దాలకు పైగా ఒకే కుటుంబం చేతిలో ఉంది. బార్ కౌంటర్ లేదు, చిన్న అద్దాల కిటికీ లోంచి అందిస్తారు. పెద్ద మెనూ లేదు, రోల్స్ ఉంటాయి. అసలైన కాస్క్ ఏల్‌ను కాపాడుకోవాలని 1971లో నలుగురు స్నేహితులు మొదలుపెట్టిన కామ్రా సంస్థ, దాన్ని దేశంలోకెల్లా ఉత్తమ పబ్‌గా రెండుసార్లు, 1990లో, 2019లో ఎంచుకుంది. డార్సెట్‌లో వర్త్ మాట్రవర్స్ ఊళ్ళో స్క్వేర్ అండ్ కంపాస్ కూడా అంతే. 1907 నుంచి ఒకే కుటుంబం, కిటికీ లోంచి పేస్టీ (లోపల కూర పెట్టి కాల్చిన కజ్జికాయ లాంటిది), సైడర్ (పులియబెట్టిన ఆపిల్ రసం), పక్క గదిలో వాళ్ళు ఏరి పెట్టిన శిలాజాలు. మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు "ఇంతేనా?" అని మొహం చిన్నబుచ్చుకున్నవాళ్ళే తర్వాత సముద్రం వైపు బెంచీల మీంచి లేవనన్నారు. గడ్డికప్పు, గులాబీలు ఉంటే సంతోషమే. కానీ ఫోటోలో కనపడేదంతా కట్టడం. పబ్ అంటే దాన్ని నడిపే మనిషి.

అందుకే కొత్త చోటు వెతకడానికి ఆదివారాలు వెళ్ళలేదు. ఆదివారం ప్రతి పబ్బూ బాగానే కనపడుతుంది. మంగళవారం మధ్యాహ్నం ఒక్కడినే, బుకింగ్ మాట ఎత్తకుండా వెళ్ళి కూర్చుంటాను. ఊరివాళ్ళు ఉన్నారా, ఒంటరిగా వచ్చిన ముసలాయనని ఎవరైనా పలకరిస్తున్నారా, బురద బూట్లతో వచ్చినవాడి వైపు ఎలా చూస్తున్నారు, కుక్కకి నీళ్ళ గిన్నె ఉందా, టీ అడిగితే మొహం మాడ్చుకుంటున్నారా, ఇవి చూస్తాను.

అలా దొరికిన పబ్, ముందే చెప్తున్నాను, చూడ్డానికి ఏమీ బాగోదు. రోడ్డు పక్కన ఎర్ర ఇటుకల ఇల్లు, ముందు కంకర పోసిన పార్కింగ్. ఒకావిడ నడుపుతుంది. 12 గంటలకి తలుపు తీయగానే, రాత్రంతా పైపులో నిలిచిన బీరుని పంపుతో లాగి బకెట్‌లో పారబోసింది. తర్వాత అర గ్లాసు లాగి కిటికీ వెలుతురుకి ఎత్తి చూసింది, వాసన చూసింది, ఒక గుక్క తాగింది. అప్పుడు గానీ పంపు మీద బిళ్ళని ఇటు తిప్పలేదు. ఉన్నవి రెండే పంపులు. మెనూ పలక మీద సుద్దతో రాసి ఉంది, ఒంటిగంటన్నరకి "పై" (pie) అనే వంటకం అయిపోగానే దాని పేరు చెరిపేసింది.

నేను శాకాహారుల మాట ఎత్తీ ఎత్తకముందే ఆవిడే అంది: "ఆదివారం రోస్ట్ భోజనంలో బంగాళాదుంపలు బీఫ్ కొవ్వులో చేస్తాను. మీవాళ్ళకి వేరే ట్రే, నూనెతో. గ్రేవీ కూడా వేరే గిన్నె. ఎంతమందో గురువారం లోపు చెప్పండి." గడ్డికప్పు పబ్‌లో ప్యాకెట్ తిప్పి చూస్తే గానీ తెలియని సంగతి, ఇక్కడ అడగకుండానే చెప్పారు. నాకు ఇంకేం కావాలి? వెనక తోటలో ఆంట్ సాలీ ఆట కూడా ఉంది, దూరం నుంచి కర్రలు విసిరి చెక్క బొమ్మని పడగొట్టడం, ఈ జిల్లా ఆట. పిల్లలు అక్కడి నుంచి రారు, అది నా హామీ.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఇప్పటికే బుక్ చేసుకున్నవాళ్ళకి తేదీ, ధర మారవు. దారి కొంచెం మారుతుంది, గట్లు ఎక్కి దిగే చోట్లు తక్కువే, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి ఇది నయం. ఆదివారం రోస్ట్ ధర పాత చోటు కంటే కాస్త ఎక్కువ, ఆ తేడా ఈ వేసవికి నేనే పెట్టుకుంటాను. కొత్త చోటు వద్దనుకునేవాళ్ళు మెసేజ్ పెడితే మొత్తం డబ్బు వెనక్కి వేస్తాను, కారణం అడగను.

గడ్డికప్పు పబ్ ముందు ఫోటో దిగాల్సిందే అనుకుంటే, మీ కారులో మీరు వెళ్ళి రండి, దారి నేనే చెప్తాను. కానీ నా గ్రూప్‌ని అక్కడ భోజనానికి కూర్చోబెట్టను. ఎవరు ఎన్నిసార్లు అడిగినా ఇదే మాట. మళ్ళీ చేతులు మారితే, ఏదో ఒక మంగళవారం వెళ్ళి చూస్తాను. ముందు పంపులు ఎన్నున్నాయో లెక్కపెడతాను, తర్వాత సూప్ దేంతో చేశారో వంట చేసిన మనిషినే అడుగుతాను.