నడుస్తుండగానే మార్చేశాం!

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. ఇక్కడందరం కులాసా. అమ్మకి మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది. చెల్లి సంబంధం సంగతి పెద్ద కథ, తర్వాత. ముందిది విను, ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

ఫిషింగ్ హార్బర్ దగ్గర కోల్డ్ స్టోరేజీకి ప్రోగ్రాం రాస్తున్నామన్నాను కదా. రొయ్యల గదుల్లో ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీలు దాటి పైకొస్తే అలారం కొట్టాలి. అది తలుపు తీసినప్పుడల్లా కొడుతోంది. రూలు మార్చాలి. లోపల సరుకుంది, ప్రోగ్రాం ఆపడానికి వీల్లేదు.

ఆపలేదురా!

ఎర్లాంగ్‌లో రాశాం. 1986లో ఎరిక్సన్‌లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం మొదలైన భాష. మాట్లాడుతున్న కాల్ తెగకుండా సాఫ్ట్‌వేర్ మార్చాలని వాళ్ల తాపత్రయం. అందుకే ఒక మాడ్యూల్‌కి, అంటే ప్రోగ్రాంలో ఒక ముక్కకి, పాతదీ కొత్తదీ రెండూ ఒకేసారి మెమరీలో ఉండొచ్చు. పాత కోడ్‌లో నడుస్తున్న పని, దాన్నే ప్రాసెస్ అంటారు, తన మానాన తను సాగుతుంది. మాడ్యూల్ పేరు పెట్టి పిలిచిన మరుక్షణం కొత్తదాంట్లోకి వెళ్తుంది. మూడోసారి లోడ్ చేస్తే మాత్రం, ఇంకా మొదటిదాన్నే పట్టుకు వేలాడేవాటిని చంపేస్తుంది. నాకదొక్కటే టెన్షన్.

మేడమ్ ఎంటర్ కొట్టారు. స్క్రీన్ మీద ‘గది 3: -19.2’, ‘గది 3: -19.1’ అని లైన్లు పోతూనే ఉన్నాయి. తర్వాతి లైను చివర ‘తలుపు తెరిచి ఉంది’ అని వచ్చింది. అంతే! అలారం మోగలేదు. పాత రీడింగులు ఒక్కటీ పోలేదు. ప్రాసెస్ ఒక్కో చుట్టు తిరిగినప్పుడల్లా వాటిని తర్వాతి చుట్టుకి అందిస్తూ వచ్చింది కాబట్టి, కొత్త కోడ్ వాటితోనే సగటు కట్టుకుంటూ పోయింది. నాకు ఒళ్లు జలదరించింది. చిన్న మార్పుకల్లా పడకేసే మన ల్యాబ్ కంప్యూటర్ కుంభకర్ణుడు గుర్తొచ్చాడు. నువ్వుంటే ల్యాబ్‌లో లాగే బల్ల మీద గుద్దేవాడివి.

ఇందులో ఇంకో అందం ఉంది. సెన్సర్లు కబురు పంపేది ‘అలారం’ అనే పేరుకి. ఆ పేరు వెనక ఏ ప్రాసెస్ ఉందో వాటికి అక్కర్లేదు, పంపేటప్పుడే వెతుక్కుంటాయి. కాబట్టి రేపు ఇంకోటి పెట్టినా సెన్సర్ల కోడ్ ముట్టుకోనక్కర్లేదు. నాకైతే రెండు ముక్కల్ని కలపాల్సిన పద్ధతి ఇదే అనిపిస్తోంది, ముందే బిగించేయడం కాదు. నీ బ్యాంకు ప్రోగ్రాంలో కూడా…

క్యాబ్ వచ్చేసింది, హారన్ కొడుతున్నాడు. నైట్ షిఫ్టు. ఎస్సెమ్మెస్ ముక్క తగిలించిన సంగతి ఇంకా చెప్పనేలేదు, అది

సరే, రేపు రాస్తా.

నీ
గోపి