తోట విభాగం వార్షిక నివేదిక - 2024

సభ్యులందరికీ నమస్కారం. నారు పంపకం, విత్తనాల మార్పిడి ఎప్పటిలాగే బాగా జరిగాయి. ఆ లెక్కలు కోశాధికారి గారి నివేదికలో ఉన్నాయి. మేం ముఖ్యంగా చెప్పాల్సింది పుట్టగొడుగుల గురించి.

డెట్రాయిట్ చుట్టుపక్కల మనవాళ్ల పెరళ్లలో యాష్ చెట్ల మొద్దులు కనిపిస్తూనే ఉంటాయి. 2002లో ఈ ప్రాంతంలోనే బయటపడ్డ ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు ఆ చెట్లను చంపేసింది. ఆ చెక్క ఊరికే పోతోంది కదా అని 2023 ఏప్రిల్‌లో ఆయిస్టర్ పుట్టగొడుగుల విత్తనం ఎక్కించిన చెక్క బిరడాలు తెప్పించాం. నాలుగు యాష్ మొద్దులకు, గాలివానకు విరిగితే అప్పుడే కోయించిన రెండు మేపుల్ మొద్దులకు పెట్టాం.

యాష్ మొద్దులు నాలుగింటిలోనూ ఏమీ రాలేదు. తప్పు మాదే. చెట్టు చచ్చి ఏళ్లు గడిచిన చెక్కలో అప్పటికే వేరే శిలీంధ్రాలు పాతుకుపోయి ఉంటాయి, మన విత్తనానికి చోటుండదు. చెట్టు కొట్టిన కొద్ది వారాల్లోనే పెట్టాలి.

మేపుల్ మొద్దుల్లో బెరడుకూ మధ్యలోని చేవకూ నడుమ ఉండే తెల్లచెక్కలో 8 మిల్లీమీటర్ల బిట్‌తో, అంగుళం పైచిలుకు లోతున, నాలుగేసి అంగుళాల ఎడంగా రంధ్రాలు వేశాం. బిరడాలు సుత్తితో దిగ్గొట్టి, తడి ఆరకుండా పైన కరిగించిన తేనెమైనం పూశాం. వాన లేని వారాల్లో ఆ ఇంటివాళ్లు ఓపిగ్గా నీళ్లు పోశారు. ఏడాదిన్నర ఏమీ కనబడలేదు. "ఇంకెప్పుడండీ?" అని అడిగినప్పుడల్లా మాకు టెన్షనే. ఈ అక్టోబర్‌లో రాత్రుళ్లు చల్లబడి వాన పడ్డాక, ఒక మొద్దు పక్కన బూడిదరంగు గుత్తులు విచ్చుకున్నాయి. అంచులు పైకి తిరగకముందే కోశాం. దీపావళి విందులో ఇగురు తలా రెండు ముక్కలే వచ్చినా, ఆ రోజు మాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

అదే నెలలో మరో ఇంట్లో పాత మొద్దు మొదట్లో నారింజరంగు గుత్తి వచ్చింది. అది మనం పెట్టింది కాదు. జాక్ ఓ లాంటర్న్ అనే విషపు పుట్టగొడుగు, తింటే తీవ్రంగా వాంతులవుతాయి. వాళ్లు కోయకముందే ఫొటో పంపడం ఎంతో మంచిదైంది. విత్తనం పెట్టిన మొద్దు మీద వచ్చినా సరే, గుర్తుపట్టందే ఎవరూ వండొద్దు. ప్రాణం తీసే గలెరినా అనే పుట్టగొడుగు కూడా కుళ్లిన చెక్క మీదే వస్తుంది.

మన ఊళ్లలో తొలకరికి పుట్టల మీద లేచే పుట్టకొక్కులు ఇక్కడ పండించలేమా అని పెద్దవాళ్లు అడిగారు. అవి చెదపురుగుల పెంపకంలోనే బతికేవి. మొద్దు మీద రావు. ఆ రుచి కోసం వాళ్లు ఎంత ఆశగా అడిగారో తెలుసు కాబట్టి, కాదని చెప్పడానికి మాకూ మనసొప్పలేదు.

వచ్చే వసంతంలో మేపుల్, ఓక్ చెట్లు కొట్టించబోయేవాళ్లు కోతకు ముందే మాకు చెప్పండి. బిరడాలు, డ్రిల్లు, మైనం మేమే తెస్తాం.