జన్యుక్రమం కూర్పు (అసెంబ్లీ) ఆగిపోతే లాగ్ ఫైలు చదవడం నేర్పండి

సంపాదకులు గారికి,

నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరంలో వెనామీ రొయ్యల చెరువులను పీడిస్తున్న విబ్రియో బ్యాక్టీరియా జన్యుక్రమాన్ని ప్రాజెక్టు అంశంగా తీసుకునే ఎమ్మెస్సీ విద్యార్థులు మన కళాశాలల్లో కనిపిస్తున్నారు. సంతోషమే. అయితే, డీఎన్‌ఏ ముక్కలను అతికి పూర్తి క్రమాన్ని కూర్చే స్పేడ్స్ వంటి సాఫ్ట్‌వేర్ గంటల తరబడి నడిచి నడుమ ఆగిపోతే, దాన్ని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం, అప్పటికీ కాకపోతే అంశాన్నే మార్చుకోవడం పరిపాటి అయింది.

ఆగిన కారణం చాలాసార్లు, సాఫ్ట్‌వేర్ తాను చేసిన పనిని వరుసగా రాసుకునే లాగ్ ఫైలు చివరి వరుసల్లోనే ఉంటుంది. అక్కడ ఆగిన కారణాన్ని తెలిపే సంకేత సంఖ్య మైనస్ 9 అని గానీ, 137 అని గానీ ఉంటే, మెమరీ చాలక లినక్సే ఆ ప్రోగ్రామును బలవంతంగా ఆపేసి ఉంటుంది. లినక్స్ మూలభాగమైన కెర్నెల్ నమోదు చేసిన సందేశాలు చూస్తే అది ఖాయమవుతుంది. మైనస్ 11 కనిపిస్తే ప్రోగ్రాము తనకు చెందని మెమరీ చోటును తాకి కూలిందని అర్థం, అప్పుడు సాఫ్ట్‌వేర్‌ను అనుమానించి వెర్షన్ మార్చి చూడటంలో అర్థముంది. మెమరీ చాలని చోట ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా ఫలితం అదే.

డేటా ఎంత ఎక్కువుంటే అంత మంచిదన్న నమ్మకమే ఇక్కడ అసలు చిక్కు. సాఫ్ట్‌వేర్ 150 అక్షరాల రీడ్‌ను, అంటే యంత్రం చదివిచ్చిన డీఎన్‌ఏ ముక్కను, కే-మర్లనే చిన్న తునకలుగా కోసి, వేర్వేరుగా ఉన్న ప్రతి తునకనూ గుర్తుపెట్టుకుంటుంది. రీడ్‌లో ఒక్క అక్షరం తప్పు పడితే, దాన్ని దాటుకుంటూ పోయే తునకలన్నీ తప్పుడువే అవుతాయి కనుక, డేటా పెరిగేకొద్దీ మెమరీని తినేది ఈ తప్పుల కుప్పే. విబ్రియో పారాహీమోలైటికస్ జన్యుక్రమం సుమారు 51 లక్షల అక్షరాలు. దానికి 100 రెట్లు, అంటే 51 కోట్ల అక్షరాల డేటా ఉంటే మామూలుగా సరిపోతుంది. మిగిలినది సెక్‌టీకే వంటి పనిముట్టుతో తగ్గించుకోవచ్చు, కానీ ఒకే డీఎన్‌ఏ ముక్కను రెండు కొసల నుంచి చదివిన జత ఫైళ్లు రెండింటికీ, యాదృచ్ఛిక ఎంపికను నిర్ణయించే సీడ్ సంఖ్య ఒకటే ఇవ్వాలి, లేకుంటే జతలు చెదిరిపోతాయి. ఒకేసారి సమాంతరంగా నడిచే పనుల (థ్రెడ్‌ల) సంఖ్య తగ్గించినా కొంత ఊరట ఉంటుంది.

హాస్టల్ వైఫైలో దిగుమతి సగంలో తెగిపోయిన ఫైళ్ల సంగతి వేరు. వాటిని, కుదించిన ఫైలు పూర్తిగా ఉందో లేదో చూసే జీజిప్ పరీక్షతో ముందే పట్టుకోవచ్చు. డేటా పంపిన సంస్థ ఇచ్చిన ఎండీ5 సంఖ్యతో, అంటే ఫైలు వేలిముద్ర లాంటి గుర్తుతో, సరిచూసుకుంటే మరీ మంచిది.

మన ప్రయోగశాలల్లో సాధారణంగా ఇచ్చే నమూనా డేటా ఎప్పుడూ ఆగిపోదు. అందువల్ల ఆగిపోయినప్పుడు ఏం చేయాలో విద్యార్థికి తెలిసే అవకాశమే లేదు. రెండు జిల్లాల విశ్వవిద్యాలయాలు ప్రాక్టికల్ పరీక్షలో విఫలమైన లాగ్ ఫైలునొకదాన్ని ఇచ్చి, కారణం రాయించి, దానికి మార్కులు కేటాయించాలి. అలాగే కళాశాలకొక చిన్న కంప్యూటరు కొనే బదులు, 128 జీబీ మెమరీ ఉన్న సర్వరునొకదాన్ని ఉమ్మడిగా ఏర్పాటు చేసి, వచ్చే విద్యాసంవత్సరం ప్రాజెక్టులు మొదలయ్యేలోగా విద్యార్థులకు అందుబాటులోకి తేవాలని కోరుతున్నాను.

ఇట్లు,
బయోటెక్నాలజీ అధ్యాపకుడు, నెల్లూరు